హైస్కూల్లో విద్యార్థి నాయకులకు నిజమైన పని అప్పగించడం ఎలా? ఎన్నిక నుంచి అప్పగింత దాకా

ఎస్‌పీఎల్ (స్కూల్ ప్యూపిల్ లీడర్, అంటే బడి విద్యార్థి నాయకుడు) ఎన్నిక ఎలా పెట్టాలో చాలా స్కూళ్లకు తెలుసు. బ్యాలెట్ పెట్టె, వేలికి సిరా, లెక్కింపు, చప్పట్లు, మర్నాడు పేపర్లో ఫొటో. తోటి టీచర్లు నన్ను పదే పదే అడిగేది ఆ తర్వాతి సంగతి. "గెలిచిన పిల్లలకు ఏం పని ఇవ్వాలి సార్? రెండు వారాలు తిరిగేసరికి ప్రేయర్‌లో సావధాన్, విశ్రామ్ చెప్పడం తప్ప వాళ్లకు పనే ఉండటం లేదు."

ఆ ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను. ఆరు నుంచి పది దాకా పది సెక్షన్లు, సుమారు 320 మంది పిల్లలు ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలును దృష్టిలో పెట్టుకున్నాను. మోడల్ స్కూళ్లు, కేజీబీవీలు (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు), గురుకులాలు, ప్రైవేటు స్కూళ్లు కొద్ది మార్పులతో ఇదే వరస పాటించొచ్చు.

అన్నిటికన్నా ముందు ఒక్క నియమం పెట్టుకోండి. పిల్లలు నాయకుల ద్వారా అడిగిన ప్రతిదానికీ ఏడు రోజుల్లో రాతలో జవాబు రావాలి. జవాబు "కుదరదు" అయినా ఫర్వాలేదు, ఎందుకు కుదరదో రాయాలి. మిగతావన్నీ ఎంత బాగా చేసినా ఇది లేకపోతే దసరా సెలవుల నాటికి విద్యార్థి నాయకుల సంఘం పేరుకే మిగులుతుంది.

1. ముందు స్టాఫ్ ఒక మాట మీదికి రావాలి

బడి తెరిచిన మొదటి పది రోజుల్లో ఒక స్టాఫ్ మీటింగు దీనికోసమే పెట్టండి. నలభై నిమిషాలు చాలు. ఒక చార్టు మీద మూడు వరసలు గీయండి.

మొదటి వరసలో పిల్లలే తేల్చుకునేవి:
- ప్రేయర్‌లో వార్తలు, మంచిమాట, ప్రశ్న ఎవరు చెప్పాలి
- ఆట సామాను ఏ రోజు ఏ క్లాసుకు
- క్లాసు ఊడ్చే వంతులు, బోర్డు తుడిచే వంతులు
- లైబ్రరీ పుస్తకాల ఇచ్చిపుచ్చుకోవడం, గోడపత్రిక
- స్కూల్ డేలో, స్వపరిపాలన దినోత్సవంలో ఎవరు ఏం చేయాలి

రెండో వరసలో పిల్లల మాట విని టీచర్లు తేల్చేవి:
- మధ్యాహ్న భోజనం, తాగే నీళ్లు, మరుగుదొడ్లు
- టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఎక్కడ ఉండాలి
- స్లిప్ టెస్టులన్నీ ఒకే రోజు పడకుండా తేదీలు
- విహారయాత్ర, స్టడీ అవర్ వేళలు, బస్సు సమయానికి బడి వదలడం

మూడో వరసలో పిల్లలకు ఎప్పటికీ అప్పగించకూడనివి:
- శిక్షలు, మార్కులు, హాజరు పట్టీ
- డబ్బు వసూలు
- తోటి పిల్లల సంచులు వెతకడం
- వేడి గిన్నెలు మోయడం, మరుగుదొడ్లు కడగడం
- ఏ టీచరు ఎప్పుడొచ్చారో, ఏం చేశారో హెచ్‌ఎంకు చేరవేయడం

మూడో వరసను చదివి వినిపించినప్పుడు స్టాఫ్ ముఖాలు గమనించండి. "పిల్లలకు అధికారమిస్తే నెత్తికెక్కుతారు" అనే భయం చాలావరకు అక్కడే తగ్గుతుంది. అప్పటికీ ఒకరిద్దరు సీనియర్లు ఒప్పుకోకపోతే వాదన పెంచొద్దు. "ఈ ఏడాది రెండో వరసలో భోజనం, నీళ్లు, మరుగుదొడ్లు వరకే పెట్టుకుందాం" అనండి. వాటికి ఎవరూ అడ్డు చెప్పరు.

శిక్షల విషయంలో మాత్రం బేరం లేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. టీచరుకే లేని అధికారం క్లాస్ లీడరు చేతికి ఎలా వస్తుంది?

ఈ పిల్లల వెన్నంటి ఉండే ఇద్దరు గైడ్ టీచర్లను కూడా ఈ మీటింగులోనే ఎంచుకోండి. ఒకరు కచ్చితంగా మహిళా టీచరై ఉండాలి. మహిళా టీచర్లు లేని స్కూలైతే ఊళ్లోని ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచరునో నెలకోసారి రమ్మని అడగండి. ఆడపిల్లలు కొన్ని విషయాలు మగ టీచరుకు చెప్పరు.

2. ఎంతమంది, ఎవరెవరు

సెక్షన్‌కు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. పది సెక్షన్లకు 20 మంది. వాళ్లతోపాటు పదో తరగతి నుంచి ఎస్‌పీఎల్, తొమ్మిదో తరగతి నుంచి ఏఎస్‌పీఎల్ (అసిస్టెంట్ ఎస్‌పీఎల్). ఈ ఇద్దరిలో ఒకరు అమ్మాయి కావాలి. ఏ పదవి అమ్మాయికో ఏడాదికేడాది మార్చండి, లేకపోతే అమ్మాయి ఎప్పుడూ 'ఏ' దగ్గరే ఆగిపోతుంది.

ఈ 20 మందిని ఐదుగురి చొప్పున నాలుగు జట్లు చేయండి:
- భోజనం, నీళ్లు
- శుభ్రత, మరుగుదొడ్లు
- ఆటలు, గ్రౌండ్
- లైబ్రరీ, ప్రేయర్

ప్రధానమంత్రి, ఆరోగ్యమంత్రి, పర్యావరణ మంత్రి అని పన్నెండు శాఖలు పెట్టే స్కూళ్లున్నాయి. బోర్డు మీద చూడ్డానికి బాగుంటుంది. కానీ "నేను నీళ్ల జట్టు" అన్న పిల్లకు తన పనేంటో ఎవరూ చెప్పక్కర్లేదు, "నేను పర్యావరణ మంత్రిని" అన్న పిల్లవాడు మాత్రం ఏం చేయాలో మనల్ని అడుగుతాడు. పేర్లు చిన్నవిగా, పనిని చూపించేలా పెట్టండి.

3. ఏడాది క్యాలెండరు

- జూన్ 12 నుంచి నెలాఖరు: స్టాఫ్ మీటింగు, మూడు వరసల చార్టు. అడ్మిషన్లు, టీసీలు ఓ కొలిక్కి వచ్చేదాకా ఎన్నిక పెట్టొద్దు.
- జులై రెండో వారం: నామినేషన్లు
- జులై మూడో వారం: ఎన్నిక
- జులై నాలుగో వారం: శిక్షణ
- ఆగస్టు మొదటి వారం: ప్రమాణం, మొదటి మీటింగు
- దసరా సెలవుల ముందు: సగం ఏడాది సమీక్ష
- సంక్రాంతి సెలవుల తర్వాత: పదో తరగతి నుంచి తొమ్మిదికి అప్పగింత

ప్రమాణ స్వీకారాన్ని ఆగస్టు 15 దాకా ఆపేవాళ్లున్నారు. జెండా పండుగ ఏర్పాట్లలో ఈ పిల్లలకు అప్పటికే చేతినిండా పనుంటుంది. కాబట్టి అంతకన్నా ముందే కానిచ్చేయడం మేలు.

4. ఎన్నిక: తక్కువ ఖర్చుతో, తక్కువ టెన్షన్‌తో

*నామినేషన్లు.* ఎవరైనా వేయొచ్చు. మార్కుల షరతు పెట్టొద్దు. లెక్కల్లో వెనకబడిన పిల్లవాడు నీళ్ల ట్యాంకు సంగతి అందరికన్నా బాగా చూసుకోవడం నేను కళ్లారా చూశాను. ఒక్కో నామినేషన్ మీద ఆ క్లాసులోని ముగ్గురి సంతకాలుంటే చాలు. ఎస్‌పీఎల్, ఏఎస్‌పీఎల్ పదవులకైతే మూడు వేర్వేరు క్లాసుల నుంచి పది మంది సంతకాలు అడగండి. అప్పుడు పెద్దపిల్లలు ఆరో తరగతి పిల్లల దగ్గరికీ వెళ్లి మాట్లాడాల్సి వస్తుంది.

*గుర్తులు.* ఇక్కడ జాగ్రత్త. సైకిలు, ఫ్యాను, గాజు గ్లాసు, కమలం, చెయ్యి, కారు లాంటివి పొరపాటున కూడా ఇవ్వొద్దు. ఊరి రాజకీయం మధ్యాహ్నానికల్లా గేటు దాటి లోపలికొస్తుంది. బలపం, గొడుగు, జామకాయ, గంట, స్కేలు లాంటివి ఇవ్వండి. గుర్తులు లాటరీ తీసి పంచండి. కండువాలు, పార్టీ రంగుల రిబ్బన్లు ఉండకూడదని నామినేషన్ రోజే చెప్పండి.

*ప్రచారం.* రెండు రోజులు. పోస్టర్లు పాత నోటుబుక్కు కాగితాల మీద చేత్తో రాసినవే ఉండాలి. చాక్లెట్లు, పెన్నులు పంచితే నామినేషన్ రద్దు. ప్రేయర్‌లో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వండి. "మీరు గెలిస్తే మొదటి నెలలో చేసే ఒక్క పని చెప్పండి" అని అందరినీ ఒకే ప్రశ్న అడగండి.

*పోలింగ్.* ఒక్కో ఓటుకు అర నిమిషం వేసుకున్నా 320 మందికి ఒకే బూత్ పెడితే రెండున్నర గంటలు దాటుతుంది. రెండు బూత్‌లైతే గంటన్నరలోపు అయిపోతుంది. మూలన బల్ల, దానికి అడ్డంగా చీరో దుప్పటో కట్టండి. ఓటు రహస్యంగా ఉండటం పిల్లలకు చాలా ముఖ్యం. చేతులెత్తించి లెక్కపెట్టడం మాత్రం వద్దు. నేస్తానికి ఓటు వేయలేదని తెలిస్తే ఆ పిల్లలకు ఏడాదంతా ఇబ్బంది.

*పోలింగ్ సరంజామా:*
- క్లాసువారీ ఓటర్ల జాబితా, రెండు ప్రతులు
- గైడ్ టీచరు పొట్టి సంతకం ఉన్న బ్యాలెట్లు, లెక్కకు పది ఎక్కువ
- మూత అతికించిన రెండు అట్టపెట్టెలు
- స్టాంపు ప్యాడ్, రెండు ముద్రలు
- వేలికి పెట్టడానికి మార్కర్ పెన్ను
- ప్రతి అభ్యర్థి తరఫున ఒక ఏజెంటు, కూర్చోడానికి బెంచీ

'వీరెవరూ కాదు' అనే గడి కూడా పెట్టండి. ఫోన్లో ఈవీఎం యాప్ వాడే స్కూళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. పిల్లలకు అది సరదానే, లెక్కింపూ క్షణాల్లో అయిపోతుంది. నేను మాత్రం కాగితానికే మొగ్గు చూపుతాను. బ్యాలెట్లు ఒక్కొక్కటే విప్పి చూపిస్తూ, బోర్డు మీద ఐదేసి గీతలు గీస్తూ లెక్కపెడుతుంటే ఆరో తరగతి పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఓడినవాళ్లకు కూడా ఫలితం మీద అనుమానం మిగలదు.

*ఓడినవాళ్లు.* ఫలితం చదివిన వెంటనే వాళ్లను కూడా ముందుకు పిలవండి. నాలుగు జట్లలో వాళ్లకు ఇష్టమైన దాంట్లో చేరమని అడగండి. ఆ సాయంత్రం ఇంటికి ఏడుస్తూ వెళ్లే పిల్లలుంటారు, గైడ్ టీచరు ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి.

5. మొదటి వారం శిక్షణ

ఎన్నికైన మర్నాడే బ్యాడ్జీ పెట్టి వదిలేస్తే పిల్లలు తమకు తెలిసిన నాయకత్వాన్నే అనుకరిస్తారు. అంటే అరుస్తారు, బెత్తం పట్టుకుంటారు. అందుకే రోజుకు ముప్పావు గంట చొప్పున నాలుగు రోజులు కేటాయించండి.

*మొదటి రోజు: వినడం.* ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకరి సమస్య మరొకరు రెండు నిమిషాలు మధ్యలో మాట్లాడకుండా వినాలి. తర్వాత విన్నది తిరిగి చెప్పాలి. చిన్నదే అనిపిస్తుంది, చాలామందికి మొదటిసారి కుదరదు.

*రెండో రోజు: ఫిర్యాదును వివరంగా మార్చడం.* ఇది అన్నిటికన్నా ముఖ్యం. బోర్డు మీద రెండు వాక్యాలు రాయండి.

"భోజనం అస్సలు బాగోడం లేదు."

"మంగళవారం ఆరో తరగతి చివరి వరసలో ఏడుగురికి గుడ్డు అందలేదు. అప్పటికి టైం ఒంటిగంట పది."

మొదటి వాక్యానికి హెచ్‌ఎం ఏం చేయగలరో అడగండి. పిల్లలు ఆలోచించి "వంటామెను తిడతారు" అంటారు. రెండో వాక్యానికి ఏం చేయగలరో అడగండి. "గుడ్లు లెక్కపెట్టి ఇవ్వమంటారు", "రేపటి నుంచి ముందు ఆరో తరగతికి పెట్టమంటారు" అంటారు. తేడా వాళ్ల నోటితోనే వస్తుంది. తర్వాత పది ఫిర్యాదులిచ్చి ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందికి అన్నవి చేర్చి తిరిగి రాయించండి.

*మూడో రోజు: కాదంటే ఏం చేయాలి.* ఒకరు హెచ్‌ఎంగా, ఒకరు లీడరుగా నటించాలి. హెచ్‌ఎం కుదరదంటాడు. లీడరు కారణం అడిగి, రాసుకుని, క్లాసుకు వెళ్లి చెప్పాలి. ఈ ఆఖరి మెట్టే కష్టం. ఖాళీ చేతులతో తిరిగి వెళ్లడానికి పిల్లలు సిగ్గుపడతారు.

*నాలుగో రోజు: రహస్యం, భద్రత.* ఎవరైనా పిల్ల తనను ఎవరో తాకుతున్నారనో, ఇంట్లో కొడుతున్నారనో, పెళ్లి చేసేస్తున్నారనో చెబితే లీడరు ఏం చేయాలి? విచారణ చేయకూడదు. క్లాసులో ఎవరికీ చెప్పకూడదు. ఆ రోజే గైడ్ టీచరుకు చెప్పాలి. టీచరు దొరక్కపోయినా, చెప్పాల్సింది ఆ టీచరు గురించే అయినా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయాలి. లైంగిక వేధింపు తెలిసీ ఫిర్యాదు చేయని పెద్దలు 2012 పోక్సో చట్టం కింద శిక్షార్హులు. పిల్లల నోటి నుంచి మనకు ఆ మాట చేరిన క్షణం నుంచి బాధ్యత మనది.

6. వారం చక్రం, సమస్యల పుస్తకం

గైడ్ టీచర్లు ఇంకేం చదవకపోయినా ఈ భాగం మాత్రం రెండుసార్లు చదవాలి.

*బుధవారం, ఆఖరి పది నిమిషాలు.* ప్రతి సెక్షన్‌లో క్లాసు మాట. క్లాస్ టీచరు వెనక బెంచీలో కూర్చోవాలి. ఇద్దరు లీడర్లు బోర్డు దగ్గర నిలబడి అడుగుతారు. ఒక్క సమస్య, ఒక్క సలహా ఎంచుకుంటారు. రెండుకు మించొద్దు.

*గురువారం, ఐదో పీరియడ్, 30 నిమిషాలు.* సెక్షన్‌కు ఒక్కరు చొప్పున, ఒక వారం అబ్బాయి, మరో వారం అమ్మాయి. సగం సెక్షన్లు అబ్బాయితో, సగం అమ్మాయితో మొదలుపెడితే ప్రతి వారం ఐదుగురు అబ్బాయిలు, ఐదుగురు అమ్మాయిలు ఉంటారు. ఎస్‌పీఎల్, ఏఎస్‌పీఎల్‌తో కలిపి 12 మంది. మీటింగు బడి వేళల్లోనే పెట్టాలి. సాయంత్రం బడి వదిలాక పెడితే పక్క ఊళ్ల నుంచి బస్సుకొచ్చే అమ్మాయిలు మొదట మానేస్తారు.

*శుక్రవారం.* ఎస్‌పీఎల్ పుస్తకాన్ని హెచ్‌ఎం టేబుల్ మీద పెడతారు. హెచ్‌ఎం పది నిమిషాలు తీసుకుని, చేతనైనవాటికి జవాబు రాస్తారు.

*సోమవారం ప్రేయర్.* జవాబులు చదివి వినిపించాలి, కాదన్నవి కూడా.

సోమవారం ఇంకా జవాబు రానివాటికి బుధవారం దాకా సమయం ఉంటుంది. పుస్తకంలో ఆరు గళ్లు చాలు: తేదీ, ఏ సెక్షన్, ఏం కావాలి, ఎవరు చూడాలి, జవాబు, అయిన తేదీ. అట్ట గట్టిగా ఉన్న లాంగ్ నోటుబుక్కు కొనండి. విడి కాగితాలు వద్దు, పోతాయి. ఫోన్ గ్రూపు కూడా వద్దు, ఫోన్ లేని పిల్లలు వెనకబడతారు.

ఆ పుస్తకం విలువేంటో నాకు ఒక తలుపు గడియ నేర్పింది. ఎనిమిదో తరగతి అమ్మాయి లీడరు ఆగస్టులో రాసింది: "ఆడపిల్లల మరుగుదొడ్లలో మూడోదానికి గడియ లేదు. ఒకరు లోపలుంటే ఒకరు బయట తలుపు పట్టుకుని నిలబడుతున్నాం. ఇంటర్వెల్ పది నిమిషాలు సరిపోవడం లేదు." జవాబు గడిలో మేము 'చూస్తాం' అని రాశాం. మరుసటి వారం ఆమె అదే వాక్యం మళ్లీ రాసింది. ఈసారి మా జవాబు 'త్వరలో'. మూడో వారం ఆ వాక్యం కింద ఇంకో లైను చేర్చింది: "ఇద్దరమ్మాయిలు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేశారు."

ఆ లైను చదివాక స్టాఫ్ రూంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే వాచ్‌మన్ ఇనుప సామాన్ల కొట్టుకెళ్లి గడియ, నాలుగు స్క్రూలు తెచ్చాడు. 60 రూపాయలు. బిగించడానికి పావుగంట పట్టింది. పుస్తకం లేకపోతే మూడు వారాల కింద అడిగిన సంగతి మాకు గుర్తుండేది కాదు, "ఎవరూ చెప్పలేదే" అనేవాళ్లం. 'చూస్తాం', 'త్వరలో' అనే మాటల్ని ఆ రోజు నుంచి జవాబు గడిలో నిషేధించాం. తేదీ రాయాలి, లేదా కారణం రాయాలి.

మీటింగు నడిపే వరస ఇలా ఉంచండి:
- గత వారం పుస్తకం చదవడం, అయినవాటికి టిక్కు: 5 నిమిషాలు
- ఒక్కో సెక్షన్ మాట: 12 నిమిషాలు
- ఈ వారం ముఖ్యమైన మూడు ఎంచుకోవడం: 8 నిమిషాలు
- ఎవరు ఏం చేయాలి: 5 నిమిషాలు

ముందు ఆరో తరగతివాళ్లు మాట్లాడాలి, పదో తరగతి ఆఖర్న. ఈ క్రమం తిరగబడితే చిన్నపిల్లలు "అక్క చెప్పిందే సార్" అని కూర్చుంటారు.

7. భోజనం, నీళ్లు, మరుగుదొడ్లు: జట్ల చెక్‌లిస్టులు

భోజనం జట్టు చేసేది తనిఖీ కాదు, గమనిక. వంట చేసే అక్కలతో మొదటి రోజే పరిచయం చేయించండి. "మీ మీద రిపోర్టు రాయడానికి కాదమ్మా, పిల్లలందరికీ అందుతోందో లేదో చూడ్డానికి" అని హెచ్‌ఎం స్వయంగా చెప్పాలి. బిల్లులు ఆలస్యమై అప్పు తెచ్చి వండిపెడుతున్న ఆడవాళ్లు చాలాచోట్ల ఉన్నారు. వాళ్ల కష్టం కూడా ఈ పిల్లలకు తెలియాలి.

కొలతలు పిల్లలకు చెప్పండి. పీఎం పోషణ్ (మధ్యాహ్న భోజన పథకం) కింద 6 నుంచి 8 తరగతుల పిల్లలకు రోజుకు తలా 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె లెక్క. ఒకరోజు సైన్స్ పీరియడ్‌లో ఆ కొలతలు తూచి ప్లేటులో పెట్టి చూపించండి. ఎంత పెట్టాలో కళ్లతో చూసిన పిల్లలు ఊరికే సణగరు, అవసరమైనచోట గట్టిగానూ అడుగుతారు.

వడ్డించే ముందు రుచి చూడాల్సింది పెద్దలు, అందులో ఒక టీచరు తప్పనిసరి. ఆ పని జట్టు పిల్లలతో చేయించొద్దు.

*భోజనం, నీళ్ల జట్టు రోజూ చూసేవి:*
- ఈ రోజు మెనూ బోర్డు మీద రాశారా
- టీచరు రుచి చూసి రిజిస్టర్లో సంతకం చేశారా
- తినే ముందు చేతులు కడుక్కోడానికి నీళ్లు, సబ్బు ఉన్నాయా
- చివరి వరస దాకా గుడ్డు, కూర అందాయా; అందకపోతే ఎంతమందికి
- అందరూ కలిసి కూర్చున్నారా, ఎవరైనా విడిగా కూర్చుంటున్నారా
- నీళ్లు తాగమని గుర్తుచేసే వాటర్ బెల్ కొట్టినప్పుడు కుళాయిల్లో నీళ్లున్నాయా

ఐదోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక పిల్ల రోజూ దూరంగా కూర్చుంటోందంటే కులం కారణం కావచ్చు, కొత్తగా చేరడం కావచ్చు, ఇంట్లో ఏదో జరిగి ఉండొచ్చు. జట్టు పిల్లలు కారణం అడగకూడదు, పక్కన వెళ్లి కూర్చుని తింటే చాలు. గైడ్ టీచరుకు చెవిన వేయాలి.

*మరుగుదొడ్ల జట్టు వారానికి రెండుసార్లు చూసేవి:*
- ఎన్ని ఉన్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్నిటికి తాళం వేసి ఉంది
- లోపల గడియ, నీళ్లు, బకెట్, మగ్గు
- ఆడపిల్లలకు న్యాప్‌కిన్లు ఎవరి దగ్గరున్నాయో అందరికీ తెలుసా, వాడినవి వేయడానికి మూతున్న డబ్బా ఉందా

స్వచ్ఛ విద్యాలయ మార్గదర్శకాలు 40 మంది పిల్లలకు ఒక యూనిట్ (ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు) ఉంటే మంచిదంటాయి. మీ స్కూల్లో ఎంతమందికి ఒకటి పడుతోందో జట్టు చేతే లెక్క వేయించండి. ఆ అంకె తర్వాత బడి యాజమాన్య కమిటీ మీటింగులో పనికొస్తుంది.

ఆటలు, లైబ్రరీ జట్లకు పెద్దగా చెప్పాల్సింది లేదు. సామాను జాబితా, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ రాస్తే చాలు. వాలీబాల్ ఎప్పుడూ పదో తరగతి అబ్బాయిల చేతిలోనే ఉండకుండా చూడమని మాత్రం పీఈటీకి, జట్టుకు కలిపి చెప్పండి.

8. పెద్దల మీటింగుల్లో పిల్లల గొంతు

నెలకోసారి స్టాఫ్ మీటింగు మొదటి పావుగంటలో ఎస్‌పీఎల్, ఏఎస్‌పీఎల్, ఒక జట్టు లీడరు వచ్చి మూడు విషయాలు చెప్పాలి. వాళ్లకు కుర్చీలు వేయండి. చేతులు కట్టుకుని నిలబడి మాట్లాడే పిల్లల నోటి నుంచి సగం మాటే బయటికొస్తుంది. చెప్పాక వాళ్లను పంపి చర్చించుకోండి.

బడి యాజమాన్య కమిటీ సంగతి కొంత వేరు. కేంద్రం 2010లో ఇచ్చిన విద్యాహక్కు నమూనా నిబంధనల్లో ముప్పావు వంతు సభ్యులు తల్లిదండ్రులు, మిగిలిన పావు వంతులో మూడో వంతు స్థానిక విద్యావేత్తలు లేదా ఆ బడి పిల్లలు. అంటే పిల్లలు కమిటీ గదిలోకి రావడం ఎవరో దయతో ఇచ్చే అనుమతి కాదు. మీ రాష్ట్ర నిబంధనల్లో సభ్యత్వానికి వీలు లేకపోయినా, ఆహ్వానితులుగా ఇద్దర్ని పిలవడానికి అడ్డేమీ లేదు.

*కమిటీ ముందుకు వెళ్లే పిల్లలు తీసుకెళ్లాల్సినవి:*
- సమస్యల పుస్తకం
- ఒక్క పేజీలో మూడు అడిగేవి, ప్రతిదానికీ ఒక అంకె
- ఇప్పటికే అయిన రెండు పనులు, వాటికి ధన్యవాదాలు

ముందురోజు ఒకసారి చదివించి చూడండి. కానీ వాక్యాలు మీరు రాసివ్వొద్దు. టీచరు రాసిన మాట అని తల్లిదండ్రులు ఇట్టే పసిగడతారు.

9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

*మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించడం.* మనందరం చేసిన తప్పే. నేను పనిచేసిన ఒక స్కూల్లో ఏడో తరగతి లీడరు చేతికి టీచరు బెత్తం కూడా ఇచ్చారు. ఒకే పిల్లవాడి పేరు రోజూ బోర్డెక్కేది. ఆ పిల్లవాడు నాలుగు రోజులు బడి మానేశాడు. ఇంటికెళ్లి కనుక్కుంటే తెలిసింది, ఇద్దరి ఇళ్ల మధ్య గట్టు తగాదా ఉందట. టీచరు లేని పీరియడ్‌లో లీడరు చేయాల్సింది ఇంతే: స్టాఫ్ రూంకు వెళ్లి "మా క్లాసుకు టీచరు రాలేదు" అని చెప్పి, ఎవరైనా వచ్చేదాకా పుస్తకాలు తీయించడం.

*లీడర్లను పనివాళ్లలా వాడటం.* టీ తెప్పించడం, జిరాక్సుకు పంపడం, రికార్డులు మోయించడం. వెంటనే ఆపేయండి. ఒక్కోసారి అత్యవసరమై పంపినా పీరియడ్ సమయంలో మాత్రం పంపొద్దు.

*మనకు నచ్చినవాళ్లే గెలిచేలా చూడటం.* పిల్లలకు తెలియదనుకోకండి. అలా ఒక్కసారి జరిగితే ఆ బ్యాచ్ పది పాసై వెళ్లేదాకా నమ్మకం తిరిగి రాదు.

*లీడరు పని చేయకపోవడం.* వరసగా మూడు మీటింగులకు రాకపోతే ముందు గైడ్ టీచరు మాట్లాడాలి. ఇంట్లో పత్తి తీతలో, మిరప కోతలో ఉండొచ్చు. నిజంగా ఇష్టం లేకపోతే ఆ క్లాసే మరొకరిని ఎంచుకోవాలి. ప్రేయర్‌లో బ్యాడ్జీ తీసేయడం లాంటివి చేయొద్దు.

*అన్నీ ఒకేసారి అడగడం.* మొదటి నెలలో నలభై కోరికలొస్తాయి. పుస్తకంలో అన్నీ రాయండి, ఒక్కో వారం మూడింటి మీదే పట్టుబట్టండి. వాటిలో ఒకటైనా వెంటనే అయ్యేదిగా ఉండాలి. పగిలిన బ్లాక్‌బోర్డుకు రంగు వేయించండి, బెల్లు తాడు మార్పించండి. మొదటి వారంలోనే ఏదో ఒకటి జరగడం పిల్లల కళ్లపడాలి.

*స్వపరిపాలన దినోత్సవంతో సరిపెట్టుకోవడం.* ఆ రోజు చీరలు కట్టుకుని, ప్యాంటుషర్టులు వేసుకుని పిల్లలు పాఠాలు చెబుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఆ సాయంత్రం ఒక అరగంట అదనంగా తీసుకుని, హెచ్‌ఎంగా కూర్చున్న పిల్లవాణ్ణి "ఈ రోజు నీ కుర్చీలోంచి ఏం కనపడింది?" అని అడిగి, చెప్పింది సమస్యల పుస్తకంలో రాయించండి.

10. అప్పగింత

సంక్రాంతి సెలవులు అయ్యాక పదో తరగతికి స్పెషల్ క్లాసులు, మార్చిలో మొదలయ్యే పబ్లిక్ పరీక్షల హడావిడి. ఆ పిల్లల మీద ఇంకో బరువు పెట్టకూడదు. సెలవుల తర్వాత మొదటి సోమవారం ప్రేయర్‌లో ఎస్‌పీఎల్ పుస్తకాన్ని ఏఎస్‌పీఎల్ చేతికివ్వాలి. ఏప్రిల్‌లో బడి మూసేదాకా తొమ్మిదో తరగతే నడుపుతుంది.

*అప్పగింతకు ముందు చేయాల్సినవి:*
- పుస్తకంలో టిక్కు పడనివన్నీ కొత్త పేజీలో తిరగరాయడం
- ఒక్కోదాని పక్కన ఎవరిని కలవాలో రాయడం: హెచ్‌ఎం, వాచ్‌మన్, పంచాయతీ కార్యదర్శి, లైన్‌మన్, బస్ డిపో
- ఆట సామాను, లైబ్రరీ పుస్తకాలు లెక్కపెట్టడం
- పాత లీడర్లు కొత్తవాళ్లతో రెండు గురువారాలు కలిసి కూర్చోవడం

జూన్‌లో బడి తెరిచినప్పుడు పాత పుస్తకాన్ని బీరువాలోంచి తీసి స్టాఫ్ రూం బల్ల మీద పెట్టండి. కూలిన ప్రహరీ, కారే గది, రాని బస్సు లాంటివి అందులో ఇంకా టిక్కు లేకుండానే ఉంటాయి. కొత్త పుస్తకం మొదటి పేజీ వాటితోనే మొదలుపెట్టించండి.